జైనబీ బాగుచేసిన సిగరెట్టు

మస్కట్‌లోని ఖురం పేటలో ఆ వీధిలో పనిచేసే ఆడవాళ్ళను జైనబీ గురించి అడిగితే, ఆమె వంట గురించి తర్వాత చెబుతారు, నోటి గురించి ముందు చెబుతారు. పక్కింట్లో పిల్లల్ని చూసుకునే అంజలి గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తురాలు. గోడవతల గిన్నెల చప్పుడు కొంచెం గట్టిగా వినిపిస్తే చాలు, "ఇవాళ మౌలాలిగారికి మూడిందండోయ్" అని జైనబీ మొగుణ్ణి తలచుకుని నవ్వుకునేది. అన్నం అంటుకుంటే జైనబీ గిన్నెను తిట్టేది. కుళాయి సన్నగా వస్తే కుళాయిని తిట్టేది. చేపలమ్మేవాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు, గేటు దగ్గర పడుకునే పిల్లి, ఎవరూ ఆమె నోట్లో పడకుండా తప్పించుకోలేదు. అయినా ఎవరూ మనసులో పెట్టుకునేవాళ్ళు కాదు. తిట్టిన నోటితోనే పిలిచి ఇంత అన్నం పెట్టి పంపేది కాబట్టి.

ఆమెది ప్రొద్దుటూరు పక్కన పల్లె. దూదేకులవాళ్ళ పిల్ల. తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, తిట్లు మాత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండేవి. తన చిన్నతనమంతా తలలోంచి దూది దులుపుకోవడంతోనే సరిపోయిందని చెప్పేది. పరుపును వేలితో నొక్కి, లోపల ఉన్నది కొత్త దూదో పాత దూదో చెప్పగలనని ఆమెకు గొప్ప. మస్కట్‌లో ఆ గొప్ప చూపించుకోవడానికి చోటు లేదు. ఇక్కడ పరుపులన్నీ స్పాంజివి. వాటినీ తిట్టేది.

వాళ్ళు పనిచేసే ఒమానీవాళ్ళ ఇంటికి మౌలాలి ముందు వచ్చాడు, డ్రైవర్‌గా. ఇంటి పెద్దావిడను పనివాళ్ళంతా మామా అంటారు, ఆవిడ భర్తను బాబా అంటారు. మామాకు వంటమనిషి కావలసి వస్తే, "నా భార్య ఉంది" అని మౌలాలి జైనబీని రప్పించాడు. వెనక గోడకు ఆనుకుని డ్రైవర్‌కి ఇచ్చే రూమ్‌లో ఇద్దరూ కాపురం పెట్టారు. పిల్లల్లేరు. ఊళ్ళో వెనకా ముందూ చూసుకునేవాళ్ళూ పెద్దగా లేరు. మౌలాలికి జైనబీ, జైనబీకి మౌలాలి, అంతే.

మౌలాలికి కోపం రాదు. జైనబీకి అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది అదే. ఆమె గొంతు చించుకుని అరిచినా, "సరేలేమ్మే" అని నవ్వేవాడు. నవ్వి, బయటికి పోయి, గోడ పక్కన నిలబడి సిగరెట్ ముట్టించేవాడు. లారీ మీద క్లీనర్‌గా తిరిగిన రోజుల్లో పట్టుకున్న అలవాటు అది. కారు ఆపితే ఒకటి, ఎక్కబోయేముందు ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, జైనబీ తిట్టాక ఒకటి.

ఆ చలికాలంలో ఒకరోజు మామాను బజారు నుంచి తీసుకొస్తూ, కారు పక్కకు తీసి ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టేశాడు. మామాయే ఎవరినో పిలిచి ఆస్పత్రికి చేర్పించింది. గుండె నాళం ఒకటి పూడుకుపోయిందన్నారు, స్టెంట్ వేశారు. ఇంటికి పంపించేరోజు, మలయాళీ డాక్టరు మౌలాలితో మాట్లాడలేదు. జైనబీని పక్కకు పిలిచి హిందీలో చెప్పాడు. "ఇతను మళ్ళీ సిగరెట్ ముట్టుకుంటే ఈసారి నా దగ్గరికి తీసుకురావద్దమ్మా. నా వల్ల అయ్యేది ఇంక ఏమీ ఉండదు." జైనబీ అక్కడికక్కడే డాక్టర్ని మనసులో నాలుగు తిట్టింది. రూమ్‌కి వచ్చాక ఆ మాట ఆమెను పట్టుకుంది. కూర తరుగుతున్నా, నమాజుకు కూర్చున్నా అదే మాట. ఇక ఆమెకు జీవితంలో ఒకటే పని మిగిలింది. మౌలాలి నోట్లోకి సిగరెట్ పోకూడదు.

మౌలాలి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆ ఒట్టు వారం కూడా నిలవలేదు. కారులో స్పేర్ టైర్ కింద ఒక ప్యాకెట్ దొరికింది. టిష్యూ డబ్బాలో ఇంకొకటి దొరికింది. దొరికినవాటిని జైనబీ అతని కళ్ళెదుటే నీళ్ళ బకెట్‌లో ముంచేది. అతను నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు చేతిలో ఉన్న గరిటె విసిరేయాలనిపించేది, ఒకసారి విసిరేసింది కూడా.

ఇదంతా బాబా చెవిన పడింది. ఆయన కూడా సిగరెట్ మానాలని దుబాయ్ నుంచి కరెంటు సిగరెట్ ఒకటి తెచ్చుకుని, రెండు రోజులు పీల్చి, నచ్చక డ్రాయర్‌లో పడేశాడు. దాన్ని తెచ్చి మౌలాలి చేతిలో పెట్టాడు. చూడ్డానికి సిగరెట్‌లాగే ఉంది. పీలిస్తే కొనకు ఎర్ర లైటు వెలుగుతుంది, పొగలాంటి ఆవిరి వస్తుంది. విప్పితే మూడు ముక్కలు. చార్జింగ్ పెట్టే బ్యాటరీ ఒకటి, వేడెక్కే కాయిల్ ఉన్న ముక్క మధ్యలో, నోట్లో పెట్టుకునే టోపీ లాంటి ముక్క చివర. ఆ టోపీలో తెల్లటి పీచు కూరి ఉంటుంది, ఆ పీచుకు పొగాకు వాసన వేసే ద్రవం పట్టించాలి. ఆ టోపీనే అందరూ రీఫిల్ అనేవాళ్ళు; రీఫిల్స్, ద్రవం సీసాలు జైనబీ హమ్రియా బజారులో కొనుక్కొచ్చింది. ద్రవం వేళ్ళకు జిగటగా తగిలేది కాబట్టి జైనబీ దాన్ని పాకం అనేది.

మౌలాలి పీల్చాడు, దగ్గలేదు. నాలుగు రోజులు గోడ పక్కకు పోలేదు. జైనబీకి ఆ గొట్టం మీద భక్తి పుట్టింది. పొద్దున్నే లేచి బిస్మిల్లా అని దానికి పాకం పట్టించి, తుడిచి, అతని జేబులో ఆమే పెట్టేది. అతన్ని దాని మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. మందు డబ్బా ఎవరైనా రోగి చేతికిస్తారా అనేది.

అయిదో రోజో ఆరో రోజో, మౌలాలి వాకిట్లో తూ తూ అని ఉమ్ముతూ వచ్చాడు. "కారతాందిమే. నోరంతా చేదు. ఇది నా వల్ల కాదు." అని గొట్టం ఆమె చేతిలో పెట్టి, గోడ పక్కకు పోయి అసలు సిగరెట్ ముట్టించాడు. ఏమన్నా అంటే, "మరి ఇది కారుతుంటే నేనేం చేసేది?" అన్నాడు.

జైనబీకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మొగుడి మీద కాదు, రీఫిల్ అమ్మినవాడి మీద. శుక్రవారం సెలవు పూట చిన్న బస్సెక్కి హమ్రియాకు పోయింది. అక్కడ సందులో రియాజ్ అని నల్గొండ మనిషి సెల్‌ఫోన్ కవర్లూ చార్జర్లూ కాలింగ్ కార్డులూ అమ్ముతాడు, ఈ రీఫిల్స్ కూడా అతని దగ్గరే. గడ్డం సగం నెరిసినవాడు, నిదానస్తుడు. జైనబీ కౌంటర్ మీద గొట్టం కొట్టి, "ఏమప్పా, మనుషుల నోట్లో పెట్టేదా ఇది, కాలవలో పారేసేదా?" అని మొదలుపెట్టింది. ఆమె ఊపిరి తీసుకునేదాకా రియాజ్ ఆగాడు.

"అయిందా ఆపా? జెర నిమ్మళంగ విను," అన్నాడు. "నువ్వు నిండ పోస్తున్నవ్. పీచు ఎంత తాగుతదో గంతే పోయాలె. అంచు మీద ఒక్కొక్క చుక్క వేసి, అది లోపలికి పీల్చినంక ఇంకొకటి. పీచు మెరుస్తుంటే సాలు, పైన నీళ్ళు నిలవద్దు. ఇంక మీ ఆయన సిగరెట్ గుంజినట్టు గట్టిగ గుంజుతున్నడు. గట్ల గుంజితే పాకం నోట్లకు రాక ఏడికి పోతది? మెల్లగ, పొడుగ్గ పీల్చమను."

చెప్పింది సబబుగానే ఉంది. అయినా జైనబీ, "ఈ మాట అమ్మేటప్పుడు చెప్పేదానికి నోరు పడిపోయిందా?" అని అడిగే వచ్చింది. ఇంటికొచ్చి మౌలాలిని కూర్చోబెట్టి పీల్చడం నేర్పింది. చిన్నపిల్లలకు పాలు పట్టినట్టు పక్కన నిలబడి, "మెల్లగా, ఇంకా మెల్లగా, నీకేమన్నా బస్సుకు టైమైందా?" అని గదమాయించింది. కారడం ఆగింది.

తర్వాత వాసన గొడవ వచ్చింది. "నోట్లో పెట్టుకుంటే దర్గాలో కూర్చున్నట్టుండాదిమే" అన్నాడు మౌలాలి. జైనబీ వాసన చూసింది, నిజమే. రీఫిల్స్ వంటింటి అరలో లుబాన్ అనే సాంబ్రాణి డబ్బా పక్కన పెట్టింది. సాయంత్రం అయితే మామా లుబాన్ నిప్పుల మీద వేసి ఇల్లంతా పొగ పట్టిస్తుంది, ఆ పొగంతా పీచుకు పట్టింది. జైనబీ తనను తనే తిట్టుకుని, మూత బిగుతైన స్టీలు డబ్బా ఒకటి సంపాదించి అందులో పెట్టింది. ఈ గొడవ తేలేదాకా మౌలాలి మళ్ళీ గోడ పక్కనే ఉన్నాడు.

ఎండలు ముదిరాక ఇంకొకటి. గొట్టం కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి వదిలేశాడు. మస్కట్ ఎండకు కారు పెనంలా కాలుతుంది, పాకం పల్చబడి మొత్తం కారి సీటు మీద మరక పడింది. "చూసినావా, మళ్ళా కారింది" అన్నాడు. అన్న వెంటనే చెయ్యి జేబులోకి పోయింది, ప్యాకెట్ బయటికి వచ్చింది. జైనబీ ఆ చేతిమీద కొట్టి, ఆ రోజే అతని చొక్కాలన్నిటికీ లోపలివైపు మందపు గుడ్డతో సన్నటి జేబులు కుట్టింది. గొట్టం నిలువుగా నిలబడే జేబులు. "ఇది నీ ఒంటి మీదనే ఉండాల. కారులో పెట్టినావంటే నిన్ను కూడా కారులోనే పండబెడతా" అని చెప్పింది.

అది తేలితే మాడు రుచి మొదలైంది. పీలిస్తే గొంతు మండుతోందన్నాడు. జైనబీ రీఫిల్ విప్పి చూస్తే పీచు వాడివాడి అణిగిపోయి అట్టలా ఉంది, పాకం తాగడం లేదు. పీచు ఆరిపోతే కాయిల్ మాడుతుందని రియాజ్ ముందే చెప్పాడు, కొత్త రీఫిల్స్ తీసుకోవాలనీ చెప్పాడు. కానీ జైనబీకి ఆ పీచును చూస్తే నవ్వొచ్చింది. చాన్నాళ్ళకు తన చేతికి తన పని దొరికింది. పీచు అణిగితే మార్చాలి, దానికి హమ్రియా దాకా ఎందుకు? మామా అలమరలో మేలురకం దూది ఉంది. తండ్రి చేసినట్టే దాన్ని వేళ్ళతో విడదీసి, మెత్తగా ఏకి, గింజంత ఉండ చేసి, సూది మొనతో రీఫిల్‌లోకి కూరింది. సందు లేకుండా, అణగకుండా, గట్టిగా కూరింది. పరుపు కుట్టేవాళ్ళు మూలలు కూరినట్టు కూరింది. దూదేకులవాళ్ళ పిల్ల చేసిన పని ఇది, ఇక కారేదీ లేదు మాడేదీ లేదు అనుకుంది.

మౌలాలి మెట్ల మీద కూర్చుని రెండు దమ్ములు పీల్చాడు. మూడో దమ్ముకు దగ్గు పట్టుకుంది. ఆగని దగ్గు. కళ్ళు ఎర్రబడి, మొహం నల్లబడి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ముందుకు వంగిపోయాడు. జైనబీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి వీపు మీద రాస్తూ, "యా అల్లా, యా అల్లా" అంటూ ఉండిపోయింది. బాబా కారు తాళాలు పట్టుకుని బయటికొచ్చాడు. అంతలో దగ్గు తగ్గింది. మౌలాలి నీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, ఏం కాలేదన్నాడు. గొట్టం విప్పి చూస్తే దూది నల్లగా మాడి కాయిల్‌కి అంటుకుపోయి ఉంది.

ఆ సాయంత్రం మౌలాలి ఆమె ఎదురుగానే సిగరెట్ ముట్టించాడు. గోడ పక్కకు కూడా పోలేదు. "నువ్వు మాత్రం ఏం చేస్తావులేమ్మే. నాకు ఇవే రాసిపెట్టి ఉండాయి" అన్నాడు, మెత్తగా. జైనబీ నోరెత్తలేదు. ఎట్లా ఎత్తుతుంది? ఆయన్ని బతికించుకోవాలని చేసిన పని ఆయన ఊపిరి మీదికి తెచ్చింది. కొన్నాళ్ళపాటు ఆ వంటింట్లోంచి చప్పుడు రాలేదు. అంజలి గోడ మీదుగా తొంగిచూసి, "వంట్లో బాగోలేదా పిన్నీ?" అని అడిగింది. జైనబీకి ఒంట్లో బాగానే ఉంది. కోపం ఎవరి మీద పడాలో తెలియక లోపలే తిరుగుతోంది, అంతే.

ఆమె మళ్ళీ హమ్రియా పోయింది. ఈసారి కౌంటర్ మీద గొట్టం మెల్లగా పెట్టింది. రియాజ్ చూసి తల పట్టుకున్నాడు. "దూది పెట్టినవా ఆపా? అది మామూలు దూది, కాలుతది. ఇది వేరే పీచు, వేడికి ఆగుతది. గట్టిగ కూరితే పాకం ఎట్ల దిగుతది? దానికి సందు కావాలె." కాయిల్‌ను వేడినీళ్ళలో కడిగి, ఊది, ఆరబెట్టి ఇచ్చాడు. కొత్త రీఫిల్స్ ఇచ్చాడు. ఎట్లా పోయాలో, ఎన్నాళ్ళకు మార్చాలో మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. జైనబీ ఎదురు చెప్పకుండా విన్నది. ఆమె అట్లా విన్నది రియాజ్ కౌంటర్ దగ్గరే కాబోలు.

ఆ తర్వాత ఆమె చేసే పనిలో తప్పు పట్టడానికి ఏమీ లేకుండా పోయింది. అంచు మీద చుక్క, చుక్క దిగాక ఇంకో చుక్క. పైన తడి ఉంటే టిష్యూతో అద్దేది. గొట్టం లోపల చెమ్మ చేరితే ఊది దులిపేది. బిగించి, తానే ఒకసారి ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, మాడు లేదని తేల్చుకున్నాక చొక్కా జేబులో నిలబెట్టేది. ఇంత చేసినా, రెండు రోజులు తిరగకముందే మౌలాలి వంటింటి గుమ్మంలో నిలబడి, "మళ్ళా కారిందిమే" అన్నాడు. రీఫిల్ మార్చింది. మళ్ళీ కారింది. పాకం సీసా మార్చింది. మళ్ళీ కారింది, ఈసారి రుచే లేదన్నాడు, చప్పిడిగా ఉందన్నాడు. ప్రతిసారీ అతని మొహంలో ఎంతో విచారం ఉండేది. ఆ విచారంతోనే గోడ పక్కకు పోయేవాడు. మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. రూమ్‌లో పడుకుంటే ఆ ఊపిరి చప్పుడు జైనబీకి నిద్ర లేకుండా చేసేది.

ఆ కోపమంతా తీసుకుపోయి రియాజ్ మీద కుమ్మరించింది. అప్పుడు కొట్లో నలుగురు గిరాకీలు ఉన్నారు. రియాజ్ గొట్టానికి కొత్త రీఫిల్ పెట్టి, ఆమె ఎదురుగానే తాను పీల్చి చూపించాడు. చుక్క కారలేదు. "నా దగ్గర కారదు, మీ ఇంట్ల ఎట్ల కారుతది ఆపా? నాకు సమజ్ అయితలేదు" అన్నాడు. అంతే, జైనబీ రెచ్చిపోయింది. నకిలీ సరుకు అంటగట్టి అమాయకుల ప్రాణాలు తీస్తున్నాడంది. చావబోయేవాడి నోట్లో మురికినీళ్ళు పోసే దొంగవంది. నీ గడ్డానికి సిగ్గు లేదా అంది. గిరాకీలు ఒక్కొక్కరే జారుకున్నారు. రియాజ్ తల దించుకున్నాడు. గొట్టాన్ని గుడ్డతో తుడిచి ఆమె ముందు పెట్టి, "నన్ను ఏమన్నా అను, దొంగ అనకు. ఇంక నా దుకాణానికి రాకు ఆపా" అన్నాడు. జైనబీ, రానుపో అని వచ్చేసింది. బస్సులో కూర్చున్నాక కూడా లోపల్లోపల తిడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున ఆమె బియ్యం కడుగుతోంది. వంటింటి కిటికీలోంచి కారు నిలిపే చోటు కనిపిస్తుంది. మౌలాలి పైపు పట్టుకుని కారు కడుగుతున్నాడు. కడుగుతూ ఆగి, అటూ ఇటూ చూసి, చొక్కా లోపలి జేబులోంచి గొట్టం తీశాడు. గంట క్రితం జైనబీ పాకం పట్టించి పెట్టిన గొట్టం. రీఫిల్ విప్పాడు. పైపు కింద పట్టాడు. నీళ్ళు దాంట్లో పడి పొంగి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి కడుక్కున్నట్టు కడిగాడు దాన్ని. తర్వాత ఒకసారి విదిల్చి, మళ్ళీ బిగించి, జేబులో పెట్టుకున్నాడు. పైపు కట్టేసి, కాలిమేజోడులోంచి ప్యాకెట్ తీసి, ఒక సిగరెట్ ముట్టించి, కళ్ళు మూసుకుని పీల్చాడు.

జైనబీ చేతులు బియ్యంలోనే ఉండిపోయాయి. కడిగిన నీళ్ళు సింక్ నిండి కిందికి పొర్లాయి, ఆమె చూసుకోలేదు.

కాసేపటికి గుమ్మంలో మౌలాలి నిలబడ్డాడు, మొహం వేలాడేసుకుని. "మళ్ళా కారతాందిమే."

"అట్లనా," అంది జైనబీ. "ఎంత కారింది?"

"నోరంతా. ఆ రియాజ్‌గాడి సరుకు మంచిది కాదు. నువ్వు తిట్టింది కరెక్టే."

"ఇటివ్వు."

ఆమె రీఫిల్ విప్పి అరచేతిలో బోర్లించింది. చుక్కలు పడ్డాయి. వేళ్ళ మధ్య రుద్ది అతనికి చూపించింది. "పాకం జిగటగా ఉంటాది. ఇది నీళ్ళు. నువ్వు పైపు కింద పట్టినప్పుడు నేను ఈ కిటికీలోంచి చూస్తాండా."

మౌలాలి నవ్వబోయాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. అది సగంలో ఆగిపోయింది.

"ఎన్నిసార్లు కడిగినావు?" అని అడిగింది. "నేను చుక్క చుక్క లెక్కపెట్టి పోస్తాంటే, నువ్వు పోయి నీళ్ళతో కడిగి వస్తాండావు. నేను జేబులు కుట్టినా. డబ్బా మార్చినా. దూది పెట్టి నిన్ను చంపుకోబోయినానని నిద్ర లేకుండా ఏడ్చినా. నిన్న ఆ మనిషిని నడి కొట్లో దొంగ అన్నా. ఆయప్ప తల దించుకున్నాడు. నువ్వు మాత్రం ఈడ కూర్చుని నవ్వుకుంటాండావు."

"నవ్వుకోలేదు జైనబీ," అన్నాడు మౌలాలి. గుమ్మం దగ్గర స్టూలు మీద కూలబడ్డాడు. "మొదట్లో నిజంగానే కారింది. తర్వాత కారలేదు. నువ్వు బాగుచేసినావు. బాగుచేసినాక నాకు దిక్కు లేకుండా పోయింది. అది నోట్లో పెట్టుకుంటే నాకు ఆ ఆస్పత్రి మంచం గుర్తొస్తాది. నేను రోగినని గుర్తొస్తాది. సిగరెట్ ముట్టిస్తే నాకేమీ కానట్టుంటాది, లారీ మీద పోతాన్నట్టుంటాది. నాకు భయంమే. చెప్పేదానికి సిగ్గు. అది చెడిపోయిందంటే నువ్వు కూడా ఏమీ అనలేవు కదా."

పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను ఆమెకు అంత పెద్ద మాట చెప్పలేదు. ఇంకొకతె అయితే కరిగిపోయేదేమో. జైనబీకి కోపం ఇంకా పెరిగింది.

"నీకు భయమా? నీకేం, ఒక్కసారిగా పోతావు. నీ భయం అంతటితో అయిపోతాది. నా సంగతి ఒక్కనాడన్నా తలచినావా?" అంది. గొంతు పెంచలేదు. పెంచకపోవడం చూసే మౌలాలికి భయమేసింది. "మొగుడు పోయినది నాలుగు నెలల పది దినాలు ఇద్దత్‌లో కూర్చోవాల. గడప దాటకుండా, ఒక మూల కూర్చుని ఏడ్చుకోవాల. దానికి ఒక ఇల్లు కావాల. నాకు ఇల్లు యాడుండాది? ఆ రూమ్ డ్రైవర్‌కి ఇచ్చిన రూమ్. నువ్వు పోయినాక వారానికి ఇంకో డ్రైవర్ వస్తాడు, నా పెట్టె బయట పెడతారు. మామా మంచిదే, కాదనను. కానీ ఆమెకు మధ్యాహ్నం అన్నం కావాల కదా. నేను ఈ పొయ్యి కాడ నిలబడి, వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ వండి పెట్టుకుంటా నీకు ఏడ్వాల. ఊరికి పోదామంటే ఆడ ఎవరుండారు నాకు తలుపు తీసేదానికి? నాకు కూర్చుని ఏడ్చేదానికి ఇంత చోటు లేదు మౌలాలీ. ఆ సంగతి తెలిసి కూడా నువ్వు పైపు కింద పెట్టి కడిగినావు."

అప్పటిదాకా పేరు పెట్టి ఆమె అతన్ని ఎన్నడూ పిలవలేదు.

స్టీలు డబ్బా తెచ్చి అతని ఒళ్ళో పడేసింది. రీఫిల్స్, పాకం సీసా, సూది, టిష్యూలు అన్నీ అందులోనే ఉన్నాయి. "ఇంక నేను పోయను. నువ్వే పోసుకో, లేకపోతే గోడ కాడికి పో. ఏది చేసినా నాకు చెప్పొద్దు" అంది. పొయ్యి వైపు తిరిగి, కడిగిన బియ్యం గిన్నె కింద మంట పెట్టింది.

మౌలాలి ఆ పూట అన్నానికి రాలేదు. సాయంత్రం మామాను దింపి వచ్చాడు, కారు పెట్టాడు, రూమ్‌లోకి పోయాడు.

మర్నాడు పొద్దున జైనబీ వంటింట్లో పిండి కలుపుతూ చూడకూడదనుకుంటూనే కిటికీలోంచి చూసింది. మౌలాలి మెట్టు మీద కూర్చుని ఒళ్ళో డబ్బా పెట్టుకున్నాడు. రీఫిల్ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. ఎప్పుడూ తన చేత్తో పోసుకున్నవాడు కాదు. సీసా ఒకేసారి వంచాడు, పాకం వేళ్ళ మీదా లుంగీ మీదా పడింది. తుడుచుకున్నాడు, మళ్ళీ పోశాడు, నిండా పోశాడు. జైనబీకి నాలుక చివరిదాకా వచ్చింది, ఒక్కొక్క చుక్క అని. పళ్ళు బిగించుకుని ఆపుకుంది.

అతను బిగించి నోట్లో పెట్టుకుని గట్టిగా గుంజాడు. గుంజిన వెంటనే మొహం వికారంగా పెట్టి ఉమ్మాడు. నిజంగానే కారింది. లేచి కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, మళ్ళీ ఉమ్మి, అక్కడే కొంచెంసేపు నిలబడ్డాడు. గోడ వైపు చూశాడు. తర్వాత వంటింటి వైపు తిరిగాడు. జైనబీ చప్పున పిండి మీదికి తల వంచింది. ఇప్పుడు వస్తాడు, గుమ్మంలో నిలబడతాడు, కారిందిమే అంటాడు, అన్నాడంటే ఈ పిండి గిన్నె నెత్తిన బోర్లిస్తానని ఎదురుచూసింది.

అడుగుల చప్పుడు రాలేదు. తల ఎత్తి చూస్తే, మౌలాలి మళ్ళీ మెట్టు మీదే కూర్చున్నాడు. రీఫిల్ విప్పి, ఎక్కువైన పాకాన్ని టిష్యూతో అద్దుతున్నాడు. ఒకసారి అద్ది వెలుతురుకు పట్టి చూశాడు, మళ్ళీ అద్దాడు.

జైనబీ పిండిని గుద్దింది. "ముసలోడా," అంది లోపల్లోపలే, "ముసలోడా, ముసలోడా," అంటూ పిండిని గుద్దుతూనే ఉంది. కళ్ళ నీళ్ళు పిండిలో పడుతుంటే మోచేత్తో తుడుచుకుని, మామా చూడకముందే ఆ ముద్దను పక్కన పెట్టి, కొత్తగా పిండి తీసుకుంది.